ఆరో వారం దాటే ప్లాన్

ఆరోగ్యం కోసం ఏదైనా మొదలుపెట్టాక మొదటి రెండు వారాలు దాదాపు అందరూ నెట్టుకొస్తారు. కొత్త బూట్లు, కొత్త యాప్, మొన్న చేతికొచ్చిన రక్తపరీక్ష రిపోర్టు పుట్టించిన భయం... ఆ ఊపు అంతవరకు సరిపోతుంది. నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా ఉంటుంది అసలు కష్టం. భయం చల్లారుతుంది, కాటా మీద చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు, ఈలోపు ఆఫీసులో ఏదో గడువు మీద పడుతుంది, లేదంటే ఇంట్లో ఎవరికో జ్వరం. మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు మళ్లీ మొదలుపెట్టబుద్ధి కాదు. దానికి ఆరంభశూరత్వమని పేరు పెట్టి మనల్ని మనమే తిట్టుకుంటాం. చాలామటుకు తప్పు ఆ ప్లాన్‌ది. తీరిక, ఓపిక రెండూ ఉన్న రోజును లెక్కలో పెట్టుకుని రాసింది కాబట్టి, అవి లేని రోజున అది పనికిరాదు. హెల్త్ కోచింగ్ బాగా చేసేవాళ్లు మొదటి రోజు నుంచే ఓపిక లేని రోజుకు ప్లాన్ వేస్తారు.

నడవాలి, ఉప్పు తగ్గించాలి, వేళకు పడుకోవాలి. ఈ మూడూ తెలియనివాళ్లు ఉండరు. రోగం తేల్చి మందు రాయడం డాక్టరు పని, ఏది ఎంత తినాలో లెక్కగట్టడం డైటీషియన్ పని. వాళ్లు చెప్పినదాన్ని ఈ మనిషి, ఈ ఇంట్లో, ఈ ఉద్యోగం చేసుకుంటూ ఎలా అమలు చేయాలో తేల్చడం కోచ్ పని. చూడ్డానికి చిన్న పనే, ఫలితం మాత్రం చిన్నది కాదు. 2002లో అమెరికాలో ఫలితాలు ప్రకటించిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, షుగర్ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 3,234 మందిని పరిశీలించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే, జీవనశైలి మార్చుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 31 శాతం తగ్గింది. ముఖ్య లక్ష్యాలు రెండే: శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం. ఇందులో ఎవరూ వినని సలహా ఒక్కటీ లేదు. ఒక్కొక్కరికీ ఒక కోచ్, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు, ఆ తర్వాత కూడా వదలకుండా ఫాలో-అప్. తేడా అక్కడుంది.

మొదటి సెషన్‌కు 45 నిమిషాల నుంచి గంట కేటాయించాలి. ఆ గంటలో డైట్ చార్ట్ చేతిలో పెట్టే కోచ్‌ను నమ్మొద్దు. అడగాల్సినవి రెండు ప్రశ్నలు. సున్నా నుంచి పది దాకా కొలిస్తే ఈ మార్పు మీకు ఎంత ముఖ్యం? చేయగలనన్న నమ్మకం ఎంత? మొదటిదానికి ‘ఆరు’ అన్నారనుకోండి. కొత్త కోచ్‌లు వెంటనే ‘తొమ్మిది ఎందుకు కాదు?’ అంటారు. అప్పుడు ఎదుటి మనిషి అడ్డంకులన్నీ వరుసగా చెప్తారు, చెప్పేకొద్దీ వాటినే గట్టిగా నమ్ముతారు. ‘మూడో నాలుగో అనకుండా ఆరు ఎందుకన్నారు?’ అని అడిగితే మారాల్సిన కారణాలు వాళ్ల నోటివెంటే వస్తాయి. 1983లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన మోటివేషనల్ ఇంటర్‌వ్యూయింగ్ పద్ధతికి ఇదే ఆయువుపట్టు. తాడెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం? ఎక్కాలన్న కోరిక పైకి రప్పించడం వరకే కోచ్ చేయగలిగేది.

ఆ రెండు అంకెలను కలిపి చదవాలి. ముఖ్యం తొమ్మిది, నమ్మకం నాలుగు అంటే లక్ష్యం పెద్దదైపోయిందని అర్థం. నమ్మకం ఏడుకు చేరేదాకా దాన్ని కోస్తూ పోవాలి. నమ్మకం ఎనిమిది, ముఖ్యం మూడు అంటే ఇంట్లోవాళ్ల పోరు పడలేక వచ్చారన్నమాట. అలాంటప్పుడు ఏ లక్ష్యమూ పెట్టకపోవడమే మేలు. ముందు వాళ్లకు దేనిమీద మనసుందో తెలుసుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం రాకూడదనో, పిల్లలతో సమానంగా నడవాలనో ఉండొచ్చు. కొలెస్ట్రాల్ అంకె మీద ప్రేమ ఎవరికీ ఉండదు.

ఏదైనా మార్చేముందు ఒక వారం ఊరికే రాసిపెట్టమనాలి. పడుకున్న వేళ, లేచిన వేళ, తిన్న వేళలు, కుర్చీలోంచి లేవకుండా ఏకబిగిన గడిపిన గంటలు, ఓపిక ఎప్పుడు ఉంది, ఎప్పుడు సన్నగిల్లింది. కేలరీలు అక్కర్లేదు. సెలవు రోజులు కూడా ఆ వారంలో ఉండాలి, ఎందుకంటే చాలామంది గాడి తప్పేది అప్పుడే. హోలిస్టిక్, అంటే మనిషిని మొత్తంగా చూడటం, అన్న మాటను అమ్మకానికి ఎంత వాడినా, దాని అసలు ఉపయోగం ఈ కాగితం మీదే తెలుస్తుంది. సాయంత్రం ఐదింటికి చేయి చిరుతిళ్ల డబ్బాలోకి పోవడానికి కారణం నాలుక కాకపోవచ్చు, మధ్యాహ్నం మూడింటికి హడావిడిగా నాలుగు ముద్దలతో సరిపెట్టడం కావచ్చు. పొద్దున వాకింగ్ తప్పడానికి బద్ధకం కారణం కాకపోవచ్చు, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూడటం కావచ్చు. లక్షణం ఒకచోట, ముడి ఇంకోచోట.

ఆ ముడి నిద్రలో ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి అక్కడే మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయం. 2004లో షికాగోలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులతో చేసిన చిన్న ప్రయోగంలో, రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు ‘తక్కువ తినండి’ అని చెప్పి ఏం లాభం? నిద్ర సరిచేయడానికి పడుకునే వేళ జోలికి పోవద్దు, లేచే వేళను పట్టుకోండి. నిద్ర రమ్మంటే రాదు గానీ అలారం మోగితే లేవడం మన చేతిలో ఉంది. సెలవు రోజుతో సహా రోజూ ఒకే వేళకు, అరగంట అటూ ఇటూగా లేచి, వెంటనే వెలుతురులోకి వెళ్తే వారం, పది రోజుల్లో రాత్రి నిద్ర దానంతట అదే తొందరగా రావడం మొదలవుతుంది. కాఫీ, టీల్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

ఇక లక్ష్యం రాసే తీరు. ‘ఐదు కిలోలు తగ్గాలి’ అన్నది కోరిక, రేపు పొద్దున లేచి చేయగలిగే పని కాదు. ‘రాత్రి భోజనం చేసి చేయి కడుక్కున్న వెంటనే, ఇంటి ముందు పది నిమిషాలు నడుస్తాను’ అన్నది పని. ఏది అయ్యాక, ఎక్కడ, ఏం, ఎంతసేపు అన్న నాలుగూ అందులో ఉండాలి. ఇలా ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని ముందే కట్టుకున్న సంకల్పాల మీద జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చాలాకాలం పనిచేశారు. ఉత్త సంకల్పం కంటే ఇవి మెరుగ్గా నిలుస్తాయని అనేక ప్రయోగాల్లో తేలింది. ముడివేయడానికి ఎంచుకునే సందర్భం రోజూ జరిగేది కావాలి, ఎప్పుడు అయిపోయిందో స్పష్టంగా తెలియాలి. పళ్లు తోముకోవడం, స్నానం, భోజనం పనికొస్తాయి. ‘సాయంత్రం కాస్త ఖాళీ దొరికినప్పుడు’ అన్నది పనికిరాదు, ఆ ఖాళీ ఎన్నడూ దొరకదు కనుక.

ప్రతి పనికీ రెండు కొలతలు రాసుకోవాలి. మామూలు రోజుకు ఇరవై నిమిషాల నడక అనుకుంటే, తలనొప్పిగా ఉన్న రోజుకు రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాలకూ క్యాలెండర్‌లో పూర్తి టిక్కే పడాలి. ఇక్కడే చాలామంది మొండికేస్తారు, ‘రెండు నిమిషాలతో ఏమొస్తుంది?’ అని. గుండెకు ఏమీ రాదు, నిజమే. అలవాటు తెగకుండా ఉంటుంది, అంతే దాని పని. మేం చూసే రెండో పొరపాటు, నాలుగు రోజులు బాగా జరగ్గానే కొలత పెంచేయడం. వారానికి కనీసం ఆరు రోజుల చొప్పున రెండు వారాలు జరిగాకే ఐదు నిమిషాలు పెంచండి. ఒకేసారి రెండు అలవాట్లకు మించి పెట్టుకోవద్దు.

ఎన్నాళ్లకు అలవాటవుతుందన్నది తరచుగా వచ్చే ప్రశ్న. 21 రోజులన్న లెక్కను నమ్మకండి. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని రాసినది, నోటా నోటా పడి సూత్రమైపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా తేలింది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదని కూడా అందులోనే చూశారు. అందుకే మూడు నెలలకు తక్కువ కోచింగ్ ప్యాకేజీ ఎంత చవకైనా దండగే. మొదటి నెల వారానికొకసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకొకసారి, అక్కణ్ణుంచి నెలకొకసారి మాట్లాడుకుంటే చాలు. మొదటి సెషన్ అయిన మూడో రోజు ఐదు నిమిషాల ఫోన్ కాల్ మాత్రం తప్పనిసరి. ఎంచుకున్న సందర్భం సరైనదో కాదో అప్పటికే తెలిసిపోతుంది.

తప్పిన రోజున ఏం చేయాలన్నది తప్పకముందే రాసిపెట్టుకోవాలి. ఒకసారి తప్పగానే ‘ఎలాగూ చెడిపోయింది కదా’ అని మొత్తం వదిలేయడాన్ని, వ్యసనాల మీద పనిచేసిన అలాన్ మార్లట్ విడిగా గుర్తించి చూపించారు. మనిషిని పడేసేది ఆ ఒక్క తప్పు కంటే, దాని వెనకే వచ్చే ఆ మాట. కాబట్టి కోచ్ ‘ఎందుకు చేయలేదు?’ అని అడగకూడదు, సంజాయిషీ తప్ప ఇంకేం రాదు. ‘దానికి ముందు గంటలో ఏం జరిగింది?’ అని అడగాలి. అందులో మార్చగలిగింది ఒక్కటి ఏరుకోవాలి. తర్వాత ఎప్పుడు చేస్తారో రోజు, వేళతో సహా రాసుకోవాలి. తప్పిన నడకను మర్నాడు రెట్టింపు చేసి పూడ్చాలని చూస్తే కాళ్లు పట్టేసి ఇంకో రెండు రోజులు పోతాయి. వారానికి మించి జబ్బు చేస్తే మళ్లీ మొదలుపెట్టేది సగం కొలతతోనే.

వంట చేసేది వేరొకరైతే వాళ్లను ఒక సెషన్‌కు పిలవండి, లేకపోతే తిండి గురించి మాట్లాడుకున్నదంతా వృథా. కాటా సంగతికొస్తే, నీరు, ఉప్పు, పొట్టలో ఉన్నదాన్ని బట్టి బరువు ఒక రోజుకూ మరో రోజుకూ కిలో పైనే అటూ ఇటూ అవుతుంది. వారం సగటు చూసుకోవాలి. తిండి విషయంలో ఇప్పటికే మనోవేదన ఉన్నవాళ్లకు కాటా అసలు చూపించొద్దు.

కోచ్ చేయి పెట్టకూడని చోట్లున్నాయి. ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్‌లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఉన్నట్టుండి తిండి తగ్గించి నడక పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డోసు గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. బీపీ మందులదీ అదే దారి: బరువు తగ్గేకొద్దీ లేచి నిలబడగానే కళ్లు తిరగడం మొదలవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు అమాంతం పెంచినా, తగ్గించినా ఆ మందు పనితీరు మారిపోతుంది. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుండటం, స్పృహ తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, బతకాలని లేదన్న మాట... ఇవి వినగానే సెషన్ ఆపి వైద్యుల దగ్గరికి పంపాలి. మందులు మానేయమనే కోచ్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. తన పౌడర్లు తానే అమ్ముకునే కోచ్ విషయంలో ఆ సలహా ఎవరి లాభానికో ఒకసారి ఆలోచించండి. చాలా దేశాల్లో హెల్త్ కోచ్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని గంటలు శిక్షణ పొందారు, తమ పరిధి దాటిన కేసుల్ని ఎవరికి పంపుతారు అని ముందే అడగండి.

మూడు నెలలయ్యాక కూడా క్లయింటు ప్రతి చిన్నదానికీ ‘ఇప్పుడేం చేయమంటారు?’ అని మెసేజ్ పెడుతుంటే కోచింగ్ దారి తప్పినట్టే. ఎనిమిదో వారం నుంచే కొత్త లక్ష్యం, దాని రెండు కొలతలు, తప్పితే చేయాల్సింది వాళ్ల చేతే రాయించాలి. కోచ్ చదివి ఒక్క ప్రశ్న అడిగితే చాలు: నమ్మకం ఎంత? ఏడుకు తక్కువ చెప్తే పెన్ను మళ్లీ వాళ్ల చేతికే ఇవ్వాలి.