ఆ బండిలో ఈ ఇంజినేటి?

ఎడారిలో తిప్పే పెద్ద జీపులాంటి బండి నిసాన్ పట్రోల్ ఉన్న అరబ్బు కుర్రాళ్ళు నలుగురు ఒకచోట చేరితే తగువు ఒక్కటే. పాత వై61 మోడల్‌తో వచ్చిన 4.8 లీటర్ల టీబీ48 ఇంజిన్ ఉంచి టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో తోసేది) వేసుకోవాలా, దాన్ని దించేసి షెవర్లే వాళ్ళ ఎనిమిది సిలిండర్ల ఎల్ఎస్ వి8 ఎక్కించాలా? షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీ ముందు కర్రక్ టీ కప్పులు పట్టుకుని ఈ ముచ్చట రాత్రి దాకా సాగదీస్తారు. నిసాన్ పక్షం వాళ్ళకి ఇది కులం చెడిపోయినంత పని. రెండో పక్షం వాళ్ళకి ఇసుక దిబ్బ ఎక్కడమే లెక్క. అబుదాబి ఎడారిలోని లివాలో తల్ మొరీబ్ అని దాదాపు 300 మీటర్ల దిబ్బ ఉంది. దాని మీదికి బండి ఎంత వేగంగా ఎక్కిందన్నదే అక్కడ పరువు.

వాళ్ళు ఇళ్ళకి పోయాక తగువు మా గదికొస్తుంది. గదిలో అందరం సిక్కోలు వాళ్ళమే. సోంపేట బావ వెల్డరు, పలాస తమ్ముడు ఎలక్ట్రీషియను, నాది నరసన్నపేట, ఇంజిన్ పని. కూర తాలింపు వేస్తూ బావ మొదలెడతాడు: “మంచి ఇంజిను తీసి పక్కన పడేసి పరాయి కంపెనీది పెట్టడమేటి? డబ్బెక్కువై కాపోతే!” తమ్ముడు ఊరుకోడు. “నీకేటి తెల్సు బావా, అల్యూమినియం బ్లాకు. ముందు బరువు తగ్గితే ఇసుకలో ముక్కు దిగబడదు” అంటాడు.

తమ్ముడి మాటలో నిజం ఉంది. 1997లో షెవర్లే కార్వెట్ కారుతో వచ్చిన ఎల్ఎస్1 ఇంజిన్ 5.7 లీటర్లు, బ్లాకు అల్యూమినియం. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాకు లోపలే ఉంటుంది. హెడ్డు మీద రెండేసి క్యాములు మోసే ఇంజిన్లలా పైకి ఎత్తు పెరగదు, పక్కలకి బలియదు. ఎనిమిది సిలిండర్లుండి కూడా ఇరుకు బోనెట్ కింద పట్టేస్తుంది. తర్వాతొచ్చిన 6.2 లీటర్ల ఎల్ఎస్3 కంపెనీ నుంచే 430 హార్స్‌పవర్‌తో వచ్చింది. అలాగని టీబీ48 తక్కువదేం కాదు. ఇనప బ్లాకు, వరుసగా ఆరు సిలిండర్లు. టర్బో వేసి వెయ్యి హార్స్‌పవర్ దాటించిన బండ్లు గల్ఫ్‌లో ఉన్నాయి. ఆ ఇనుము అంత ఒత్తిడీ తట్టుకుంటుంది.

కుర్రాళ్ళ తగువులో ఎన్నడూ రాని సంగతులే మా ప్రాణం తీస్తాయి. చైన్ బ్లాక్‌తో ఇంజిన్‌ని దించుతాం. గేర్ బాక్సుకి, దీనికి బోల్టు కన్నాలు కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు పడుతుంది. ఇంజిన్ కూర్చునే ఫౌండేషన్లు బావ ముందు చుక్కలుగా మాత్రమే టాకేస్తాడు, పూర్తి వెల్డింగు అప్పుడే వెయ్యడు. ఎందుకంటే పట్రోల్‌కి ముందు యాక్సిల్ ఒకే దిమ్మ. గోతిలో పడితే మొత్తం పైకి లేస్తుంది. ఇక పైకి పోకుండా ఆపే బంప్ స్టాపు తగిలేదాకా యాక్సిల్‌ని జాకీతో లేపి, నేను కిందకి దూరి, ఇంజిన్ అడుగునున్న ఆయిల్ సంప్‌కీ, యాక్సిల్ మీది గేర్ల గుండు డిఫరెన్షియల్‌కీ మధ్య వేళ్ళు పెట్టి చూస్తాను. రెండు వేళ్ళు దూరకపోతే ఇంజిన్ మళ్ళీ పైకి, సంప్ మళ్ళీ కోతకి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. మేం రేకుల కింద ఉంటాం కాబట్టి నీడలో ఉన్నట్టే లెక్క. ఆ రేకుల కింద బండి అడుగున వెల్లకిలా పడుకుని చూస్తే తెలుస్తుంది అదెంత నీడో.

ఆ తర్వాత వైరింగు, అంటే తమ్ముడి నరకం. కొత్త ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూకి దాని యాక్సిలేటర్ పెడలే కావాలి, దాని సెన్సర్లే కావాలి. నిసాన్ మీటరేమో ఆరు సిలిండర్ల లెక్కకి కట్టింది. సిగ్నల్ మార్చి ఇవ్వకపోతే ఆర్పీఎం ముల్లు అబద్ధం చెబుతుంది. ఇంజిన్ స్టార్టయి గర్జించగానే యజమాని వీడియో తీసుకుంటాడు. అప్పటికి పని సగమే అయింది. ఏసీ, రేడియేటరు ఫ్యాను, గేజులు అన్నీ కుదిరేసరికి అతని ఉత్సాహం చల్లారిపోతుంది, బిల్లు దగ్గర బేరం మొదలవుతుంది.

సెలవుకి ఊరొచ్చినప్పుడు నరసన్నపేటలో నాకు పని నేర్పిన మేస్త్రీగారి షెడ్డులో ఇదంతా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి నవ్వారు. “ఓరి, మనూళ్ళో ఇదేటి కొత్తా? అంబాసిడర్లో మేటడోర్ డీజిలింజన్లు ఎన్ని పెట్టలేదు మేం!” అన్నారు. ఆమాటకొస్తే కంపెనీలేం తక్కువ తినలేదు. అంబాసిడర్‌కి జపాన్ ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టారు. మహీంద్రా జీపులో ప్యూజో డీజిల్ తిరిగింది. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లోది ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్. టాటా విస్టాలో కూడా అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చి మారుతి డీజిల్ మానేసేదాకా మన రోడ్ల మీద స్విఫ్ట్ టాక్సీలు ఇటలీ ఇంజిన్‌తోనే తిరిగాయి, ఏ పాసింజరూ అడగలేదు. అంతెందుకు, సొంత 2జేజెడ్ ఇంజిన్‌తో పేరు మోసిన టొయోటా సుప్రా 2019లో తిరిగొచ్చినప్పుడు బోనెట్ కింద ఉన్నది బీఎండబ్ల్యూ ఇంజిన్. కుర్రాళ్ళు దాన్ని తిడతారు గానీ బండి మాత్రం పరిగెడుతోంది.

కాబట్టి కంపెనీ పట్టింపు నాకు లేదు. “ఇంజిన్ బాగానే ఉందా?” అన్నదొక్కటే అడుగుతాను. బాగున్న టీబీ48ని దించమంటే మాత్రం నాకు మనసొప్పదు. బ్లాకు పగిలిన బండి తెస్తే ఎల్ఎస్ పెట్టుకోమని నేనే చెబుతాను. కాగితాల పని ముందు చూసుకోమనీ చెబుతాను. మన దగ్గర ఆర్సీలో ఇంజిన్ నంబరున్నట్టే అక్కడ ముల్కియా అనే రిజిస్ట్రేషన్ కార్డులో ఉంటుంది. అనుమతి లేకుండా మార్చి పట్టుబడితే జరిమానాతో పోదు, బండి సీజవుతుంది.

మొన్నామధ్య నిసాన్ పరువు కోసం అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాడే తన పట్రోల్ తెచ్చి ఎల్ఎస్3 పెట్టమన్నాడు. బావ కాసేపు వాణ్ణి ఎగాదిగా చూసి, “ఇప్పుడేటంటాడో అడగరా” అన్నాడు నాతో, తెలుగులో. అడగలేదు. అడ్వాన్సు తీసుకున్నాం. వాడు పెట్టిన షరతు ఒకటే: ముందు గ్రిల్లు మీద నిసాన్ బొమ్మ మాత్రం ముట్టుకోకూడదట.