పుల్లయ్యగారి కవర్లు: ఆరో నెల లెక్క

ఈ నెల చేతికి చిక్కినవి మూడే. అమలాపురంలో పాత పేపర్లు కొనే కొట్లో, మూడు పాత సినిమా పాటల పుస్తకాలూ కలిపి 120 రూపాయలు. బేరమాడితే ఇంకా తగ్గేదేమో, నా మొహంలో ఆత్రం కనబడిపోయింది.

సినిమా దర్శకుడు సి. పుల్లయ్యగారు మన కాకినాడ మనిషి. ఆయన సినిమాలన్నిటినీ పాటల పుస్తకాలతో, సినిమాకో కవరు చొప్పున, వరసగా పేర్చాలని నా పిచ్చి. మొదటి కవరు ఎప్పటికీ ఖాళీయే. కాకినాడలో తీసిన ‘మార్కండేయ’ మూకీ, దానికి పాటలెక్కడివి? తర్వాత ఈస్టిండియా ఫిలిం కంపెనీకి కలకత్తాలో తీసిన ‘సతీ సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934). అవీ దొరకలేదు.

పోయిన నెల ఒక పొరపాటు చేశాను. ఒక అట్ట మీద ఇంటిపేరు అక్షరాన్ని పురుగు తినేసింది, ‘పుల్లయ్య’ ఒక్కటే మిగిలింది. సంవత్సరం 1939. ‘వరవిక్రయం’ కూడా అదే ఏడాదిది కదా అని పక్కనే పెట్టేశాను. నిన్న తిరగేస్తే లోపల పద్మావతిగా శాంతకుమారి! అది పి. పుల్లయ్యగారి ‘బాలాజీ’. ఇకనుంచి కవరు మీద చిత్తజల్లు (సి.), పోలుదాసు (పి.) అని ఇంటిపేరు పూర్తిగా రాస్తున్నాను. ‘లవకుశ’కి సంవత్సరం తప్పనిసరి, 1963 రంగుల సినిమా కూడా సి. పుల్లయ్యగారిదే. దాని మీద కొడుకు సి.ఎస్. రావు పేరూ ఉంటుంది.

బాగుచేసే పని: తుప్పు పట్టిన పిన్నుల కొనలు మధ్యపేజీలో చాకు మొనతో లేపి, వెనకనుంచి లాగాలి. ముందు నుంచి లాగితే కాగితం చిరుగుతుంది, చిరిగింది కూడా. ఆ రంధ్రాల్లోంచే తెల్లదారంతో కుట్టాను. సెల్లోటేపు మాత్రం వద్దు, నాలుగేళ్లకి పసుపు మరక మిగులుతుంది. ఫోటోలు అరుగు మీద, ఉదయం నీడలో, ఫ్లాష్ లేకుండా. పేజీ వెనక నల్లకాగితం పెడితే అవతలి అక్షరాలు కనబడవు. మా కోనసీమ ముసురుకి డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేశాను.

కొత్తగా నోటుబుక్కులో నటీనటుల సొంతూరు రాయడానికి ‘ఊరు’ అని ఒక గడి గీశాను. రేలంగి (‘శ్రీకృష్ణ తులాభారం’, 1935) రావులపాడు. కృష్ణవేణి (‘సతీ అనసూయ’, 1936) పంగిడి. అంజలీదేవి (‘గొల్లభామ’, 1947) పెద్దాపురం. స్టూడియో ఎక్కడున్నా సి. పుల్లయ్యగారు మనుషుల్ని వెతుక్కున్నది గోదావరి పక్కనే అనిపిస్తోంది. గడులింకా సగం ఖాళీ.

‘గొల్లభామ’ పుస్తకం కుట్టాలి. కథ సగం చెప్పి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అన్న పేజీ ఊడొచ్చేసింది.