చలి పొద్దున వాకింగ్

తెలంగాణ అంటే ఎండలే అనుకునేవాళ్లు మా ఆదిలాబాద్ చలి గురించి చెబితే నమ్మరు. ఆ డిసెంబర్ పొద్దున 6 డిగ్రీలట, తర్వాత పేపర్లో చూశాను. నాకప్పుడు 54 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి. ఐదింటికి దుప్పటి తీసి, స్వెట్టర్ కూడా లేకుండా బయల్దేరాను. నడిస్తే ఒళ్లు అదే వేడెక్కుతుందని ధీమా.

మావల దాకా పోకముందే ఛాతీ మీద రోకలి ఆనించినట్టు బరువు. ఎడమ చెయ్యి బాగానే ఉంది, దవడ లాగుతోంది. అందుకే గుండె అనుకోలేదు. ఇంటికొచ్చి సోడా తాగాను. మా వీధి ఆర్ఎంపీ కూడా గ్యాస్ మాత్రే ఇచ్చాడు. అలా గంటన్నర పోయింది. అంత చలిలో నా చొక్కా చెమటకు తడిసిపోవడం చూసి మా ఆవిడ కొడుకును లేపింది. "బాపూ, ఇది గ్యాస్ కాదు, లే" అని వాడు బండి తీశాడు.

ఆస్పత్రిలో ఈసీజీ చూసి గుండెపోటన్నారు. ఆస్పిరిన్ నమిలించారు, రక్తం గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్‌కు హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. మావాళ్లకు అలవాటైన దారే, నాగ్‌పూర్ పోయాం. మర్నాడు స్టెంట్ వేశారు.

"గుండె నాళాల్లో కొవ్వు ఎప్పట్నుంచో పేరుకుంది, చలి దాన్ని రేపింది" అన్నాడు అక్కడి డాక్టర్. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ ఎక్కువవుతుంది. దానికి తోడు తెల్లారేవేళ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. ఏరికోరి ఆ వేళకే వెచ్చటి పక్క దిగి పోయాను నేను. స్వీడన్‌లో 1998 నుంచి 2013 దాకా గుండెపోటు వచ్చిన 2,74,029 మంది లెక్కలు తీస్తే, చలి ఎక్కువున్న రోజుల్లోనే కేసులు ఎక్కువట. అలాగని మా మే నెల ఎండలూ తక్కువవి కావు. నీళ్లు తాగకపోతే రక్తం చిక్కబడుతుంది.

ఇంటికొచ్చాక నెలరోజులు బాత్రూం గడియ పెట్టుకోలేదు, భయం. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. గడ్డకట్టకుండా వేసే మాత్రల వల్లేనని డాక్టర్ ఫోన్లో చెప్పాక గానీ నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మంకీ క్యాప్ పెట్టుకుని ఎనిమిదిన్నరకు నడుస్తున్నాను. అప్పటికే తిరిగొస్తున్న దోస్తులు "సారుకు ఇప్పుడు తెల్లారింది" అని నవ్వుతారు.