నల్లమల మీదుగా పగటి బండి

బెంగళూరు నుంచి నరసరావుపేటకి ఏ రూట్లో వెళ్లాలన్న మాట మా ఇంట్లో వచ్చిందంటే కంచాల్లో అన్నం చల్లారిపోవాల్సిందే. మా బావది తిరుపతి రూటు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్పాడి, చిత్తూరు, తిరుపతి మీదుగా గూడూరు చేరుతుంది, అక్కణ్ణుంచి చెన్నై–హౌరా మెయిన్ లైను, ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదు అంటాడు. విజయవాడలో దిగితే పేటకి బస్సులకి కొదవ లేదు. పైగా ఆ దారిలో హౌరా వైపు పోయే బండ్లు కూడా ఉన్నాయి, ఒకటి తప్పితే ఇంకోటి.

నాన్నది నంద్యాల రూటు. ధర్మవరం, డోన్, నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ దాటి బండి నేరుగా మన ఊళ్లోనే ఆగుతుంటే విజయవాడ దాకా పోయి వెనక్కి రావడం దేనికి అని ఆయన ప్రశ్న. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఈ దారిలోనే భువనేశ్వర్ పోతుంది. మచిలీపట్నం–యశ్వంతపూర్ కొండవీడు ఎక్స్‌ప్రెస్ కూడా ఇదే దారి. చిక్కంతా వాటి టైముతోనే. రెండూ నల్లమలని చీకట్లోనే దాటతాయి. నడిమధ్య ఊళ్లకి అవి చేరే వేళ అర్ధరాత్రో అపరాత్రో. గిద్దలూరులో ముసలివాళ్లని ఆ వేళ బండెక్కించడం ఎంత టెన్షనో అక్కడివాళ్లని అడిగితే చెబుతారు.

ఈసారి నాన్న పట్టుబట్టారు. ఆ దారిని పగలు చూడాలి. మా తాతయ్య మీటర్‌గేజ్ (సన్న పట్టాల) రోజుల్లో దొనకొండ లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజన్‌కి బొగ్గు వేసే పని చేశారు. నాన్న చిన్నతనం ఆ రైల్వే క్వార్టర్స్‌లోనే గడిచింది. బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాలు) వచ్చాక ఆ లైను మీద ఎన్నోసార్లు ప్రయాణం చేశారు గానీ, అన్నీ రాత్రి ప్రయాణాలే.

పగలు నల్లమల దాటే బండి ఒకటుంది, డోన్–గుంటూరు బండి. పొద్దున్నే డోన్‌లో బయల్దేరి మధ్యాహ్నానికి గుంటూరు చేరుతుంది. మరి బెంగళూరు నుంచి డోన్‌కి ఎలా? కాచిగూడ వైపు పోయే బండ్లు అనంతపురం, డోన్, కర్నూలు మీదుగానే వెళ్తాయి. అందులో ఒకటి ఎక్కి డోన్‌లో దిగి, పొద్దున గుంటూరు బండి పట్టుకోవాలి. మ్యాప్‌లో చూస్తే చక్కటి కనెక్షన్.

"డోన్‌లో అర్ధరాత్రి దిగి తెల్లారేదాకా ఏం చేస్తారు మావయ్యా? ఉండి కూడా లేనట్టే కదా ఆ కనెక్షను" అన్నాడు బావ.

ఆ మాట నిజం. నాన్న కూడా కాదనలేదు. "అందుకేగా చూడాలంటున్నా" అన్నారు.

డోన్‌లో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. వెయిటింగ్ హాలు నిండా జనం. కింద దుప్పట్లు పరుచుకుని పడుకున్నవాళ్లు, సంచులకి చేరగిలబడి కునికేవాళ్లు. ఎక్కువమంది మాలాగే బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు. కంభం, గిద్దలూరు వైపు నుంచి భవన నిర్మాణం పనులకి పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ నాన్నా ఒక గోడ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాం. పక్కనున్నాయన సెంట్రింగ్ పని చేస్తాడట. ఏ ఊరని అడిగితే తర్లుపాడు దగ్గర పల్లె అన్నాడు.

"కొండవీడుకి రావచ్చుగా, నేరుగా పోతుంది" అన్నాను.

"అది రోజూ ఉండదు కదన్నా. ప్రశాంతి ఏమో ఒడిశా దాకా పోయే బండి, జనరల్ బోగీలో కాలు పెట్టనియ్యరు. ఇట్టయితే రాత్రి ఒక కునుకు తీసి పొద్దున కిటికీ పక్కన కూర్చుని పోవచ్చు."

అటువైపు కూర్చున్న నరసరావుపేట ఆవిడ ఒప్పుకోలేదు. కూతురి కాన్పుకి బెంగళూరు వెళ్లి వస్తున్నారామె. చంటిపిల్లతో ఉన్నవాళ్లు ఈ నేల మీద రాత్రంతా ఎలా ఉంటారు, హైదరాబాద్ వెళ్లి అక్కణ్ణుంచి పల్నాడు వైపు బండి ఎక్కితే పొద్దున్నే దిగొచ్చు కదా అని ఆమె వాదన. చుట్టుతిరుగుడు అని ఇంకొకాయన, చుట్టయినా స్టేషన్లో పడుకోనక్కర్లేదని ఆవిడ. నిద్రపోతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు లేచి మరీ ఈ వాదనలో చేరారు. ఎవరూ దూరం ఎన్ని కిలోమీటర్లో మాట్లాడలేదు. ఎన్నింటికి దిగుతాం, దిగాక ఏం దొరుకుతుంది, చేతిలో పిల్లలుంటే ఎలా, వీటి గురించే మాట్లాడారు. రూట్ల గురించి ఇంతకంటే తెలివైన చర్చ నేనెక్కడా వినలేదు.

నాన్న కలగజేసుకుని ఈ లైను పుట్టుక గురించి చెప్పారు. 1876–78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయి జనం లక్షల్లో చనిపోయారు. 1880 నాటి ఫామిన్ కమిషన్ (కరువు విచారణ సంఘం) తర్వాత, కరువు ప్రాంతాలకి ధాన్యం చేరవేయడానికని వేసిన లైన్లలో ఇదొకటి. అప్పట్లో బళ్లారి–కిస్ట్నా (కృష్ణా) స్టేట్ రైల్వే అనేవాళ్లు. కృష్ణా డెల్టా తిండిగింజలు సీమకి రావడానికి పుట్టిన దారి ఇది. "రెండు చివర్ల కోసం వేసింది కాదయ్యా, మధ్యలోవాళ్ల కోసం వేసింది" అన్నారు. సెంట్రింగాయన తలూపాడు.

తర్వాత రోజుల్లోనూ ఈ లైనుకి ఆ పాత్ర పోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యింది, 1954లో హైకోర్టు గుంటూరులో పెట్టారు. ఆ రెంటినీ కలిపిన రైలు దారి డోన్ మీదుగా ఈ మీటర్‌గేజే. ఇవాళ రాజధాని అమరావతి. అనంతపురం నుంచో కర్నూలు నుంచో సెక్రటేరియట్‌లో పని ఉండి వచ్చేవాళ్లు మళ్లీ ఇదే దారి పట్టాలి.

తెల్లారేసరికి ప్లాట్‌ఫామ్ మీదకి ఉగ్గాని వచ్చింది. నానబెట్టిన బొరుగులకి తాలింపు, పైన పుట్నాల పొడి, పేపర్ మీద కుప్పగా పోసి దాని నెత్తిన రెండు మిరపకాయ బజ్జీలు. వేడికి పేపర్ మీద అక్షరాలు నూనెలో తేలిపోతున్నాయి. నాన్న బజ్జీ తుంచి ఉగ్గానిలో కలుపుకుని తినడం చూసి పక్కాయన "సీమ మనిషేనా" అని అడిగాడు. కోస్తావాళ్లమేనని చెప్పినా నమ్మలేదు.

బండి టైముకే కదిలింది. బేతంచర్ల దగ్గర పట్టాలకి అటూ ఇటూ నాపరాళ్లు నిలబెట్టి పేర్చి ఉన్నాయి. మా పాతింటి వంటగదిలో పరిచింది కూడా ఆ రాయే. పాణ్యం దాటి నంద్యాల వచ్చేసరికి బోగీ నిండిపోయింది. అక్కడెక్కినవాళ్లలో బనగానపల్లె కుర్రాడొకడు గుంటూరులో కోచింగ్‌కి వెళ్తున్నాడు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల లైను మొదలయ్యాక వాళ్లూరికి రైలొచ్చింది. కానీ ఈ బండికి అందేలా పొద్దున అక్కణ్ణుంచి తనకి బండి కుదరలేదని, ఆటోలో వచ్చానని చెప్పాడు. లైను వేయడానికి పట్టిన ఏళ్లతో పోలిస్తే ఒక టైమ్‌టేబుల్ సర్దడం ఎంత పని?

మహానందికి దగ్గరి స్టేషన్ గాజులపల్లె. అది దాటగానే అడవి మొదలైంది. కొండ ఎక్కుతున్న కొద్దీ బండి వేగం తగ్గి, మలుపుల్లో ముందున్న ఇంజనూ వెనకున్న ఆఖరి బోగీ రెండూ ఒకే కిటికీలోంచి కనబడుతున్నాయి. వెదురు పొదలు కిటికీ కడ్డీలకి తగిలేంత దగ్గరగా వచ్చాయి. పాత మీటర్‌గేజ్ లైను ఇక్కడ దొరబావి వంతెన మీదుగా పోయేది, బ్రాడ్‌గేజ్ వేసినప్పుడు దారి మార్చారు. ఆ వంతెన మీద తాతయ్య ఇంజన్ పోతుంటే కిందకి చూడొద్దని నాన్నమ్మ పిల్లల కళ్లు మూసేదట. నాన్న ఆ పక్క కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు. ఇంతలో బొగడ సొరంగం వచ్చి బోగీ అంతా చీకటైంది, పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. సొరంగం అయిపోయాక నాన్న ముఖం తుడుచుకుంటూ కూర్చున్నారు. ఏమీ అడగలేదు నేను.

అడవి మధ్యలో ఒక చిన్న స్టేషన్లో ఎదురు బండి కోసం ఆపేశారు. చాలా చోట్ల రెండో లైను పడింది గానీ పని ఇంకా అంతటా పూర్తి కాలేదు. గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్లు మొత్తం డబుల్ అయితే ఈ క్రాసింగుల బాధ తప్పుతుంది. సరుకు రవాణా బండి ఒకటి చాలాసేపు సాగదీసుకుంటూ పోయింది. బావ ఉంటే "చూశావా, గూడూరు రూట్లో అయితే ఈపాటికి..." అని అందుకునేవాడే.

దిగువమెట్ట దిగాక గిద్దలూరు, కంభం చకచకా వచ్చేశాయి. మార్కాపురం రోడ్‌లో పలకలు చేసే ఊరివాళ్లు కొందరు ఎక్కారు. ఒకప్పుడు రాష్ట్రమంతా పిల్లలు అక్షరాలు దిద్దింది ఆ పలకల మీదే.

దొనకొండలో బండి ఆగేది కాసేపే. నాన్న తలుపు దగ్గరికి వెళ్లి షెడ్ ఎటువైపు ఉండేదో, నీళ్ల ట్యాంకు ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించారు. ఆవిరి ఇంజన్లు పోయాక, గేజ్ మారాక ఈ ఊరికి పని లేకుండా పోయింది. రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఇక్కడేనంటూ పేపర్లలో కొన్నాళ్లు నలిగింది, భూముల ధరలు పెరిగాయి, తర్వాత అంతా చల్లబడింది.

వినుకొండ తర్వాత సావల్యాపురంలో నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను మా లైనుని కలుస్తుంది. 309 కిలోమీటర్ల ఆ లైను దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పూర్తయితే, పల్నాడు వాళ్లు తిరుపతికి నెల్లూరు చుట్టూ తిరగనక్కర్లేదు. అప్పుడు మా ఇంట్లో మూడో రూటు కూడా వాదనలోకి వస్తుంది.

నా మాట ఇది. డోన్–గుంటూరు బండిని గుత్తి దాకానో అనంతపురం దాకానో పొడిగించాలి. రాత్రి బెంగళూరులో ఎక్కినవాడు తెల్లవారుజామున దిగి, గంటలోపు అదే స్టేషన్లో గుంటూరు బండి ఎక్కేలా టైము పెట్టాలి. కొత్త పట్టాలు అక్కర్లేదు, కొత్త వంతెనలు అక్కర్లేదు. ఉన్న బండి, ఉన్న లైను. తిరుపతి రూట్లో బండ్లు ఎన్ని పెంచినా గిద్దలూరువాడికి, కంభంవాడికి ఒరిగేదేమీ లేదు. వాళ్లకి ఉన్న రైలు దారి ఇదొక్కటే.

నరసరావుపేట రాకముందే నాన్న నా బ్యాగులోంచి తెల్లకాగితాలు తీసుకుని అర్జీ రాయడం మొదలుపెట్టారు. కోచింగ్ కుర్రాడు టైములన్నీ ఫోన్‌లో చూసి చెప్పాడు. పేట ఆవిడ మొదట సంతకం పెట్టి, "స్టేషన్లో ఆడవాళ్లకి వేరే గది కూడా ఉండాలని రాయండి" అన్నారు. నాన్న అది కూడా రాశారు. అర్జీ మాట ముందే వచ్చింది కాబట్టి సెంట్రింగాయన అంతకుముందు తర్లుపాడులో దిగేటప్పుడే తన ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లాడు, వాళ్ల ఊళ్లో సంతకాలు పెట్టించి పంపుతాడట. ఒక కాపీ నరసరావుపేట ఎంపీకి, ఒకటి నంద్యాల ఎంపీకి, ఒకటి రైల్వే డివిజన్ ఆఫీసుకి. బావకి ఫోన్ చేస్తే, తన సంతకం కూడా వేయమన్నాడు, తిరుపతి రూటే మంచిదని మళ్లీ ఒకసారి చెప్పి.