కీమో మొదలయ్యేలోపు తిరుమల

మొదటి కీమో తేదీ రాసిచ్చాక డాక్టరమ్మ "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. అడగాల్సినవన్నీ మావారు కాగితం మీద రాసుకొచ్చి ఒక్కొక్కటిగా అడిగేశారు. నేనడిగింది ఒక్కటే. "ఈలోపు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుని రావచ్చా?"

మావారు గిరుక్కున నా వైపు తిరిగారు. ఆయన కూడా ఆ మాట అప్పుడే వింటున్నారు. డాక్టరమ్మకి మాత్రం వింతగా ఏమీ అనిపించినట్టు లేదు. "వెళ్ళేదుంటే ఇప్పుడే వెళ్ళండి. కీమో మొదలయ్యాక తెల్ల కణాలు పడిపోతాయి, అప్పుడు జనంలోకి పంపను. తలమీద బ్లేడు అసలే పెట్టనివ్వను. ఇప్పుడైతే చిన్న గాటు పడినా మానడానికి టైం ఉంటుంది" అన్నారు. మెట్లు ఎక్కకూడదు, బండిలో కాళ్ళు వేలాడేసుకుని గంటలకొద్దీ కూర్చోకూడదు, మధ్యమధ్యలో లేచి నడవాలి, నీళ్ళు బాగా తాగాలి. ఈ జబ్బులో కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువట.

నాది ఒవేరియన్ క్యాన్సర్. అండాశయాల్లో మొదలై కడుపులో పొరలకి కూడా పాకింది, స్టేజ్ త్రీ అన్నారు. కొన్ని నెలలుగా పొట్ట ఉబ్బరంగా ఉండేది, రెండు ముద్దలు తినేసరికే నిండిపోయేది, మూత్రానికి మాటిమాటికీ లేవాల్సొచ్చేది. మేం చూపించుకున్న డాక్టరు గ్యాస్ అని మాత్రలు రాశారు. నేనూ గ్యాసే అనుకున్నాను, యాభై దాటిన ఆడవాళ్ళలో గ్యాస్ లేనిదెవరికి? చీర కుచ్చిళ్ళు నడుం దగ్గర నిలవకపోవడం మొదలయ్యాక స్కానింగ్‌కి వెళ్ళాం. సీఏ-125 అనే రక్తపరీక్ష 35 లోపు ఉండాలట, నాది నాలుగంకెల్లో వచ్చింది. కడుపులో చేరిన నీరు సూదితో తీసి పరీక్షకి పంపారు. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే రెండు మందులు ఇరవై ఒక్క రోజులకోసారి మూడుసార్లు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్ళీ మూడుసార్లు. ఇదీ ప్లాను. జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి రాలిపోతుందని ముందే చెప్పేశారు.

సంగతి తెలిసినప్పటి నుంచి ఇంటికి వచ్చిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. తప్పు పట్టడం కాదుగానీ, వచ్చినవాళ్ళలో సగం మందిని నేనే ఓదార్చాల్సొచ్చింది. "ధైర్యంగా ఉండు" అంటూ వాళ్ళే ఏడుస్తారు. "మా తోటికోడలి చెల్లెలికి కూడా ఇదే వచ్చి..." అని మొదలుపెట్టి, ముగింపు గుర్తొచ్చి నాలుక కరుచుకుంటారు. పంచదార మానెయ్యమని ఒకరు, ఏదో ఆకు కషాయం తాగమని ఇంకొకరు. వాట్సాప్‌లో వచ్చే వీడియోలైతే మా అమ్మాయి నా ఫోన్ తీసుకుని చూడకుండానే తీసేసేది.

వీళ్ళందరి మధ్యలో వచ్చారు మా పెద్దాడపడుచు. మామగారి ఇల్లు పంపకాల దగ్గర మాట మాట అనుకున్నాక మా రెండిళ్ళ మధ్య పెళ్ళిళ్ళలో పలకరింపులే తప్ప రాకపోకల్లేవు. ఆవిడొచ్చి ఏమీ అడగలేదు. వంటింట్లోకెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. పనమ్మాయి ఆ రోజు రాలేదని ఆవిడకెలా తెలిసిందో నాకు తెలియదు. తిరుపతి మాట చెవిన పడగానే, "మెట్లు నువ్వెక్కకూడదంటగా అమ్మాయ్, నేనెక్కుతాలే" అన్నారు.

"వదినా, మీ మోకాళ్ళు..."

"నీకోసమేం కాదు. నా మొక్కు నాకుంది."

అంతటితో ఆ మాట అయిపోయింది. ఆర్థోపెడిక్ డాక్టరు ఇంట్లో మెట్లే దిగొద్దన్న మనిషి, అలిపిరి నుంచి 3550 మెట్లకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతానంటే నాకు నచ్చలేదు. చెప్పాను కూడా. వినలేదు.

అసలు గొడవ మా అమ్మ దగ్గరొచ్చింది. "ముత్తైదువవి, గుండేమిటే? మూడు కత్తెర్లిచ్చి రా, చాలు" అంది. అమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో మేనత్త ఒకావిడ ఉండేది. పన్నెండేళ్ళకే భర్త పోతే, బతికినన్నాళ్ళూ నెలకోసారి మంగలి పెరటి గుమ్మం వైపు నుంచి వచ్చి ఆవిడకి గుండు చేసి వెళ్ళేవాడు. అమ్మ కళ్ళకి గుండంటే ఆ పెరటి గుమ్మమే. జుట్టు ఎలాగూ ఊడిపోతుందమ్మా అన్నాను. "ఊడిపోతే అది వేరు" అంది. నాకు అదే కష్టంగా ఉంది మరి. పొద్దున్నే దిండు మీద కుప్పగా జుట్టు చూసుకుని ఏడవడం కంటే నా అంతట నేనే ఇచ్చేసి రావడం నయమనిపించింది. స్వామికి మొక్కు కాబట్టి ఇస్తున్నానా, ఆ కుప్ప చూడలేక ఇస్తున్నానా అంటే, రెండూ కలిసే ఉన్నాయి.

ఒంగోల్లో రాత్రి బండెక్కాం. మావారు, అమ్మాయి, వదిన, ఆవిడ మనవడు, నేను. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే అయిపోతాయి, మాకేమో ఇది హఠాత్తుగా అనుకున్న ప్రయాణం. తెల్లవారుజామున తిరుపతిలో దిగి, స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసంలో ఆధార్ కార్డులు చూపించి ఉచిత దర్శనం టోకెన్లు తీసుకున్నాం. సాయంత్రం స్లాట్ దొరికింది. వదిన, మనవడు అలిపిరికి ఆటో ఎక్కారు. మేం కొండ బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పుతుందని భయపడ్డానుగానీ, నీరు తీసేశాక పొట్ట తేలికగానే ఉంది. నిమ్మకాయ వాసన చూసుకుంటూ పైకి చేరాను.

కల్యాణకట్టలో టోకెనూ కొత్త బ్లేడూ ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదని అక్కడ రాసే ఉంటుంది. ఆడవాళ్ళకి చేసేచోట క్షురకులు కూడా ఆడవాళ్ళే. నా టోకెన్ నంబరు వచ్చినావిడ చామనఛాయ, ముక్కుకి రెండు వైపులా పుడకలు. నా జడ విప్పి, కుళాయి నీళ్ళు దోసిట్లో పట్టి తలంతా తడిపి, వేళ్ళతో బాగా రుద్దింది. నాకు పాతికేళ్ళుగా ఎవరూ తల రుద్దలేదు. తల వంచమంది. నడినెత్తి నుంచి నుదుటి మీదికి ఒక్క గీత గీసింది. చప్పుడు వినిపించింది, బరబరా అని, నా తల లోపలి నుంచి వస్తున్నట్టు. ఒళ్ళోకి మొదటి పాయ జారింది. సగం తెలుపు, మిగతా సగం నేను వేసుకున్న రంగు. చెవుల వెనక చేసేటప్పుడు మాత్రం నెమ్మదించి, చెవిని రెండు వేళ్ళతో ముందుకి మడిచి పట్టుకుంది.

"జాగ్రత్తమ్మా, గాటు పడకూడదు. మందులు మొదలుపెట్టాలి" అన్నాను. ఏం మందులని ఆవిడ అడగలేదు. బ్లేడు తిప్పి పట్టుకుని ఇంకొంచెం నీళ్ళు చల్లింది. ఒక్క గాటు కూడా పడలేదు.

పక్కన మా అమ్మాయి మూడు కత్తెర్లిచ్చింది. తనూ గుండు చేయించుకుంటానని బండిలో అంది, నేనొద్దన్నాను. తన మీద ఇప్పటికే ఒక బరువుంది. మా పిన్ని ఒకావిడ చాలా ఏళ్ళ కిందట 'కడుపులో గడ్డ'తో పోయింది. అది విన్నాకే డాక్టరమ్మ నాకు బీఆర్‌సీఏ అనే జన్యు పరీక్ష రాశారు, ఈ జబ్బు తెచ్చే మార్పు జన్యువుల్లో ఉందేమో చూడ్డానికి. అది పాజిటివ్ వస్తే అమ్మాయి కూడా చేయించుకోవాలి, ఎందుకంటే ఆ మార్పు పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. రిపోర్టు ఇంకా రాలేదు. దాని గురించి మేమిద్దరం ఒక్కసారే మాట్లాడుకున్నాం, అదీ లిఫ్ట్‌లో.

స్నానం చేసి గంధం పూసుకుని బయటికొచ్చాక, ఎవరైనా చూస్తారేమోనని కొంగు తలమీదికి లాక్కున్నాను. అమ్మాయి ఫోన్లో విగ్గులు చూపిస్తోంది. తిరుమల జుట్టుని దేవస్థానం వాళ్ళు వేలం వేస్తారు, అది విగ్గులవుతుంది. "నా జుట్టే నాకు తిరిగి అమ్ముతారేమో చూడు" అన్నాను. చాలా రోజుల తర్వాత అది గట్టిగా నవ్వింది. కాసేపయ్యాక కొంగు జారింది, మళ్ళీ సర్దుకోవడం మర్చిపోయాను. చుట్టూ గుళ్ళే. చంకలో పిల్లలకి గుండు, ముసలమ్మలకి గుండు, పట్టుచీర కట్టుకున్న కొత్త పెళ్ళికూతురి పక్కన నడిచే అత్తగారికి గుండు. మా ఊళ్ళో ఇదే తలతో వీధిలోకొస్తే పది మంది ఆగి అడుగుతారు. ఇక్కడ పుష్కరిణి మెట్ల మీద ఒకావిడ నన్ను ఆపి అడిగింది, "మరుగుదొడ్లు ఎటువైపమ్మా?" అని.

వరాహస్వామి దర్శనం చేసుకుని వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోంచేశాం. ఆ హాలుకి ఎవరి పేరు పెట్టారో తింటున్నప్పుడు గుర్తొచ్చింది. తరిగొండ వెంగమాంబ బాల్యంలోనే భర్త పోయినా జుట్టు తీయించుకోనని ఊళ్ళో పెద్దలకి ఎదురు తిరిగిందని చెప్తారు. వద్దన్నావిడ పేరిట వేల మంది గుళ్ళవాళ్ళం కూర్చుని సాంబారన్నం తింటున్నాం. ఇంటికెళ్ళాక ఇది అమ్మకి చెప్పాలనుకున్నాను, చెప్పాను కూడా. "ఆవిడ వద్దంది, నువ్వు కావాలన్నావు. ఇద్దరూ మొండివాళ్ళే" అంది.

వదిన మధ్యాహ్నం దాటాక వచ్చారు. నడకదారి పైకొచ్చేచోట కూర్చుని ఎదురుచూశాం. మనవడి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా కుడికాలే ముందు వేస్తూ వచ్చారు. మోకాళ్ళ మెట్ల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయారట, దిగిపోదామని వాడంటే కసిరారట. బొటనవేలు గోరు చుట్టూ పసుపు, ఉంగరం వేలికి కుంకుమ ఎండి పెచ్చులు కట్టింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, డబ్బీలో అడుగున మిగిలిన కుంకుమ గోకి తీశారు. "ఇదీ నయమే, బొట్టు పెట్టడానికి బోలెడు చోటుంది" అని నుదుట పెట్టారు. ఇల్లు పంపకాల సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ మోకాళ్ళకి మా అమ్మాయి బామ్ రాసింది.

క్యూ కాంప్లెక్సులో నా పక్కన కర్నూలు వైపు నుంచి వచ్చినావిడ కూర్చుంది. ఆవిడకీ గుండే, ఒళ్ళో మనవరాలికీ గుండే. శ్రీవారి సేవకులు పాలు పంచుతుంటే నాకో గ్లాసు అందించి, "మొక్కా?" అంది.

"అవును."

"తీరిందా?"

"ఇంకా లేదు. ముందే ఇచ్చేశాను."

ఆవిడ నా మొహం వంక ఓసారి చూసింది. "ముందే ఇచ్చేసినావా? అట్లయితే ఇప్పుడు ఆయప్పే నీకు బాకీ" అంది. కుబేరుడి అప్పుకే ఇంకా వడ్డీ కట్టుకుంటున్న స్వామికి ఇంకో బాకీ. పాలు పొలమారేలా నవ్వాను.

దర్శనం సంగతి ఎంత చెప్పుకున్నా అంతే కదా. బంగారు వాకిలి దగ్గర కనిపించినంతసేపు కనిపించాడు. ఏమేమి కోరుకోవాలో బండిలో వరసగా అనుకున్నవేవీ గుర్తురాలేదు. "పదండమ్మా, పదండి" అన్నారు, పదిహేను మంది వెనక పదహారోదాన్నై బయటపడ్డాను.

తిరిగొచ్చాక కీమోకి ముందు చేసే రక్తపరీక్షలకి ఆసుపత్రికి వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి నా తల చూసి, ఫైలు చూసి, "ఇంతకుముందు ఇంకెక్కడైనా కీమో అయిందా అమ్మా?" అంది.

"లేదమ్మా, తిరుపతి."

"అయ్యో, ఎప్పుడెళ్ళారు? టోకెన్లు దొరికాయా? ఎంతసేపు పట్టింది?" సూది గుచ్చినట్టే తెలియలేదు. బయట బెంచీ మీదున్నవాళ్ళ చెవిన కూడా పడింది. లడ్డూ తెచ్చారా అని ఒకాయన సిగ్గుపడుతూనే అడిగాడు. సంచిలోంచి తీసి తలా కొంచెం పెట్టాను.

చివర కూర్చున్నావిడ తలకి స్కార్ఫ్ కట్టుకుని ఉంది. ఆవిడదీ నా జబ్బే, ఆరు కీమోలూ ఆపరేషనూ అయిపోయి చెకప్‌కి వచ్చింది. నా చేతిలో మొదటిసారి ఫైలు చూసి జరిగి చోటిచ్చింది. ఎవరూ చెప్పనివన్నీ ఆవిడ చెప్పింది. కీమో రోజు పెద్దగా ఏమీ ఉండదు, ఒళ్ళు నొప్పులు రెండో రోజో మూడో రోజో మొదలవుతాయి, భయపడకు. థర్మామీటర్ కొని మంచం పక్కనే పెట్టుకో. జ్వరం 100 దాటితే పారాసిటమాల్ మింగి పడుకోకు, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. నోరు పూస్తుంది, కారం తగ్గించు, ఉప్పునీళ్ళు పుక్కిలించు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కితే దాచుకోకుండా డాక్టరుకి చెప్పు, డోసు సరిచేస్తారు.

"ఇంకోటి" అంది, నా చేతిలో మిగిలిన లడ్డూ ముక్క వైపు చూపిస్తూ. "ఇష్టమైనవి కీమో రోజు అస్సలు తినకు. ఆ రోజు వాంతులైతే, తర్వాత ఎప్పుడు తిన్నా అదే గుర్తొస్తుంది. నేను మొదటి కీమో రోజు మైసూర్‌పాక్ తిన్నాను. ఇప్పటికీ ఆ వాసన పడదు. లడ్డూ ఉంటే ఇప్పుడే తినేసెయ్."

మావారు మందుల షాపు దగ్గర లైన్లో ఉన్నారు. ఆయనకని ఉంచిన ముక్క కూడా తినేశాను.