ఇలాన్ గుడి ముందు కొబ్బరిచిప్ప ఫిడేలు

శనివారం తైవాన్ రాజధాని తైపే నుంచి ఇలాన్ ఊరికి బస్సు ఎక్కకూడదని నాకెవరూ చెప్పలేదు. దాదాపు 13 కిలోమీటర్ల శుయెషాన్ సొరంగంలో బండ్లన్నీ నత్తనడకే. దిగేసరికి వాన. ఒక్క ఉల్లికాడల రొట్టె 50 తైవాన్ డాలర్లు, మన లెక్కలో 130 రూపాయల పైమాటే. చిరాగ్గానే గుడికి వెళ్లాం.

గుడికి ఎదురుగా గెజాయ్‌షీ ఆడుతున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఇలాన్‌లోనే పుట్టిన పాటల నాటకం. ఆట దేవుడి కోసం కాబట్టి, కుర్చీల్లో పదిమందే ఉన్నా ఆపరు. రాసిపెట్టిన మాటలు లేవు. ముందుగా ఒకాయన కథ చెప్పి, ఏ సీన్‌లో ఎవరు రావాలో పంచుతాడట. పాట కూడా అప్పటికప్పుడు కట్టేదే. మరి వాయించేవాళ్లకి ఏ వరస రాబోతుందో ఎలా తెలుస్తుంది?

అది తేల్చుకుందామని వేదిక పక్కకి జరిగాను. డప్పులాయన చేతుల్లోని కర్రలు చూసుకోవడం లేదు, చూపంతా నటి మీదే. ఆమె చివరి మాటని సాగదీసింది, చెయ్యి కొంచెం ఎత్తింది. కర్ర టక్కుమంది, తాళాలు మోగాయి, ఫిడేలు అందుకుంది. పాదానికి ఏడక్షరాలు, నాలుగు పాదాల వరస. రావాల్సిన పాత్ర ఎంతకీ రాకపోతే ఆమె దుఃఖాన్ని ఇంకాస్త పొడిగించింది. ఫిడేలాయన కూడా ఒక చిన్న మలుపుని మళ్లీ మళ్లీ తిప్పుతూ ఆమెను ఒంటరిగా వదల్లేదు.

ఆ ఫిడేలు బుర్ర కొబ్బరిచిప్ప! రెండే తీగలు, కమాను వాటి మధ్యలోంచే నడుస్తుంది. కోనసీమవాణ్ణి, కళ్లు తిప్పుకోలేకపోయాను. మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నటుడు రాగం ఎక్కడిదాకా లాగుతాడో ఆయనకీ ముందు తెలియదు. మెట్ల మీద వేళ్లు, చూపు మాత్రం నటుడి పెదాల మీద. ఎనిమిదేళ్ల వయసులో పక్కన కూర్చుని, తాతయ్య పెట్టెకేసి ఎందుకు చూడడా అనుకునేవాణ్ణి.

ఆట అయ్యాక, నాతో వచ్చిన ఆఫీసు స్నేహితురాలి చేత డప్పులాయన్ని అడిగించాను: ఆమె ఏడుపు వరస ఎత్తుకుంటుందని ఎప్పుడు తెలిసింది? "ఊపిరి తీసుకున్నప్పుడు" అన్నాడు, కర్రలు గుడ్డలో చుట్టుకుంటూ. రాత్రి ఇంకో ఆట ఉందట. తిరుగు బస్సు టికెట్టు వదులుకున్నాం.