చీమ తవ్వే తీరు మట్టిని బట్టే

పొడి ఇసుకలో వేలు గుచ్చి తీసి చూడండి, వేలు పూర్తిగా బయటికి వచ్చేలోపే గుంట పూడిపోతుంది. అదే ఇసుక మీద కాసిని నీళ్లు చల్లి గుచ్చితే గుంట అలాగే నిలబడుతుంది. చీమలు గొప్ప ఇంజినీర్లు అని అందరూ అంటారు, కాదనను కానీ నన్నడిగితే సగం పని మట్టే చేసిపెడుతుంది, ఆ క్రెడిట్ మాత్రం దానికి ఎవరూ ఇవ్వరు.

తడి ఇసుకలో రేణువుకీ రేణువుకీ మధ్య సన్నటి నీటి బొట్టు చేరి రెండింటినీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఆ పట్టు మీదే సొరంగం కప్పు ఆగుతుంది. నీళ్లు మరీ ఎక్కువై సందులన్నీ నిండిపోతే ఆ పట్టు కూడా పోయి అంతా బురదే. అందుకే అటు పొడీ కాక ఇటు ముద్దా కాక, మధ్యరకం తేమ ఉన్నచోట తవ్వకం బాగా సాగుతుంది. వాన వెలిశాక చీమల కన్నాల చుట్టూ కొత్త మట్టి కుప్పలు కనిపించేది ఇందుకే.

ఇంకాస్త దగ్గరగా చూస్తే అసలు మజా తెలుస్తుంది. మెత్తటి తడి మట్టి అయితే చీమ దవడలతో గీకి, రాలిన దాన్ని ముందుకాళ్లతో పోగేసి, నొక్కి చిన్న ఉండ చేసి, దాన్ని నోట కరుచుకుని పైకి ఎక్కుతుంది. గరుకు ఇసుకలో ఉండ కట్టడం కుదరదు కాబట్టి ఒక్కో రేణువునీ విడిగా పీకి మోసుకుపోవాల్సిందే. ఒకే జాతి చీమలు మట్టి మారితే పద్ధతి మార్చేస్తాయి, ఎవరూ ట్రైనింగ్ ఇవ్వకుండానే. బంకమట్టిది ఇంకో కథ: తడిగా ఉంటే తేలిగ్గా వస్తుంది, ఎండితే రాయే, కానీ ఒకసారి తవ్వాక ఎండిందంటే ఆ సొరంగం అంత తేలిగ్గా కూలదు.

మరి వదులు మట్టిలో అడుగున రేణువులు పీకేస్తుంటే పైనున్నది మీద పడదా? అమెరికాలో కాల్‌టెక్ అనే యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. అర లీటరు మట్టి పట్టే గిన్నెలో 15 చీమల్ని వదిలి, 20 గంటల పాటు పది నిమిషాలకోసారి ఎక్స్‌రే స్కాన్ తీశారు. తర్వాత ప్రతి రేణువునీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఏ రేణువు మీద ఎంత బరువు పడుతోందో లెక్క కట్టారు. తేలిందేమిటంటే, రేణువులు తీసేకొద్దీ పైబరువు సొరంగం చుట్టూ కమానులా మళ్లుతుంది, దాంతో చీమ పీకబోయే రేణువుల మీద ఒత్తిడి తగ్గి అవి సులువుగా ఊడొస్తాయి, చుట్టూ ఉన్నవి ఇంకా గట్టిగా బిగుస్తాయి. ఇదంతా చీమకి తెలిసి చేస్తోందా అంటే, అలా అనడానికి ఆధారమేమీ దొరకలేదు. అది చేసేదల్లా వీలైనంత వరకు తిన్నగా తవ్వడం, వాలు 40 డిగ్రీలకి అటూ ఇటూగా, అంటే ఆ మట్టి కుప్ప జారకుండా నిలబడే కోణం దాటకుండా చూసుకోవడం, అంతే. మిగతాది భౌతికశాస్త్రం చూసుకుంటుంది.

ఇసుక అంటే పైపైనే తవ్వుతాయనుకోకండి. అమెరికాలోని ఫ్లోరిడా ఇసుక నేలల్లో వాల్టర్ షింకెల్ అనే శాస్త్రవేత్త, గింజలు పోగేసుకునే హార్వెస్టర్ చీమల గూళ్లలో కరిగించిన లోహం పోసి అచ్చులు తీశారు, కొన్ని దాదాపు మూడు మీటర్ల లోతు ఉన్నాయి. (అచ్చులు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, లోపలున్న చీమల సంగతి తలుచుకుంటేనే కాస్త అదోలా ఉంటుంది.)

మట్టి ఏదైనా పెద్దగా మారనిది ఒకటుంది, సొరంగం వెడల్పు. నిప్పుచీమల (ఫైర్ యాంట్స్) మీద అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగాల్లో రేణువుల సైజు, తేమ మార్చి చూసినా వెడల్పు ఇంచుమించు చీమ ఒంటి పొడవంతే వచ్చింది. ఆ కొలతలో ఒక లాభం ఉంది: నిలువు సొరంగంలో పరిగెడుతూ చీమ కాలు జారినా గోడలు అందేంత దగ్గరలోనే ఉంటాయి, కాళ్లతోనే కాదు, ఒక్కోసారి మీసాలు కూడా గోడకి ఆనించి ఆగిపోతుంది.